ఎర్ర సుద్దతో రాసిన మాట

సార్ పోయారన్న కబురు వచ్చిన ఉదయం నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ మాట దాచను. దాస్తే సార్ ఒప్పుకోరు.

తోటలో ఉన్నాను. మామిడి ఈ ఏడు ఆకు కనబడకుండా పూసింది. మంచు ఇంకా ఆరలేదు. తేనెటీగల హోరు గేటు దగ్గరికే వినిపిస్తోంది. ఒక చెట్టు దగ్గర నిలబడితే పక్క చెట్టు పిలుస్తున్నట్టుంది. యాభై దాటిన మనిషిని, నెమ్మదిగా నడవాల్సినదాన్ని, చెట్టుకూ చెట్టుకూ మధ్య దాదాపు పరుగెడుతున్నాను. ఈ సంగతి సార్‌కు ఇప్పుడే చెప్పాలని ఫోను తీశాను. నేను నొక్కకముందే అది మోగింది. మా గల్లీలో బట్టలు కుట్టే దర్జీ భాయ్.

“దీదీ, తోటల ఉన్నవా?”

“ఉన్న భాయ్.”

“కూసో.”

“ఏంది భాయ్, చెప్పు.”

“కూసో అంటున్న గద.”

కూర్చున్నాను. సార్‌కు చాయ్ ఇద్దామని పొద్దున్నే మా మేడ మీదికి వెళ్లాడట. సార్ నిద్రలోనే వెళ్లిపోయారు.

“మొఖం మంచిగనే ఉంది దీదీ. ఏదో చెప్పబోతున్నట్టుంది” అన్నాడు.

నా ఒళ్లో పూత రాలుతోంది. తేనెటీగలు తమ పని ఆపలేదు. ఏడుపు రాలేదు. గుండె మాత్రం సంతోషంతో ఎంత గట్టిగా కొట్టుకుంటూ ఉండిందో, కబురు విన్నాక కూడా అంతే గట్టిగా కొట్టుకుంది. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈ పూత చూడకుండా పోయారే అని ఒక్కటే బాధ.

సార్ మాకు చుట్టం కాదు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా ఇంటి మేడ మీద ఇరవై ఏళ్లకు పైగా అద్దెకున్నారు. కోస్తా నుంచి వ్యవసాయ శాఖ ఉద్యోగం మీద వచ్చారు. భార్య ముందే పోయింది. పిల్లలు లేరు. రిటైరయ్యాక సొంతూరు వెళతారనుకున్నాం. వెళ్లలేదు. “ఇక్కడ నా శిష్యులున్నారమ్మా” అనేవారు.

శిష్యులంటే కిషన్‌బాగ్‌లో మూసీ ఒడ్డున పచ్చగడ్డి పెంచేవాళ్లు, ఊరి బయట పొలాలుండి పాతబస్తీలో ఇళ్లున్నవాళ్లు, మేడ మీద డ్రమ్ములో నిమ్మచెట్టు పెట్టుకున్న మా గల్లీ ఆడవాళ్లు. అందరిలోకీ మొండి శిష్యుడు మా తమ్ముడు. చాంద్రాయణగుట్ట దాటాక మా నాన్న నాటిన మామిడి తోట ఉంది. నాన్న పోయాక తోటనూ నాలుగు బర్రెలనూ వాడే చూసుకుంటున్నాడు. తోబుట్టువుల్లో నేను పెద్దదాన్ని. కాగితాలు నా బీరువాలో ఉంటాయి, కష్టం వాడి చేతుల్లో ఉంటుంది.

మా గల్లీ మొదట్లో నల్లా ఉంది. దాని పక్క గోడ మీద, మనిషి రెండు చేతులు చాచినంత మేర, సార్ నల్లరంగు పూయించారు. శివరాత్రి వెళ్లాక ప్రతి సోమవారం దాని మీద ఆ వారం పని రాసేవారు. పైన తెల్ల సుద్దతో తెలుగులో సార్, కింద ఉర్దూలో దర్జీ భాయ్. బిందె నిండేలోపు చదవడం అయిపోవాలి, అంతకంటే పొడుగు రాయకూడదు. అది ఆయన పెట్టుకున్న నియమం.

“మామిడి పూత మీద ఉంది. నీళ్లు వద్దు. మందు వద్దు. తేనెటీగలు పనిలో ఉన్నాయి.”

“జామకు నీళ్లు ఆపండి. ఆకు రాలితే భయపడకండి. వానలకు కొత్త పూత అక్కడే వస్తుంది.”

“నిమ్మలో ఎండుపుల్లలు ఈ వారమే తీయండి.”

రాసింది తప్పని తేలితే ఎర్ర సుద్ద బయటికి వచ్చేది. పాత మాట చెరిపేవారు కాదు. దాని మీద ఒక గీత గీసి, పక్కన “నా తప్పు” అని రాసి, కింద సరైన మాట రాసేవారు. ఆ ఎర్ర అక్షరాలు వారం రోజులు ఉండాల్సిందే. ఒక ఏడాది మల్లె కత్తిరింపు పది రోజులు ఆలస్యంగా చెప్పానని ఎర్ర సుద్ద పట్టుకున్నారు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నవ్వారు.

“మల్లెపూలకు గూడ ఇంత లొల్లా సార్?”

“మీ జడల్లో ఈ ఏడు రెండేసి మూరలు తగ్గాయి. తగ్గించింది నేనే కదమ్మా!”

ఇంకో అలవాటు చెప్పాలి. ఏటా శివరాత్రి వెళ్లిన మొదటి ఆదివారం తోటకు వచ్చేవారు. ఆ రోజు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. కొడవలి లేదు, పార లేదు. గేటు దాటగానే “చేతులు వెనక్కి” అనేవారు. బడిపిల్లల్లా నేనూ తమ్ముడూ చేతులు వెనక్కి కట్టుకుని ఆయన వెనకే నడిచేవాళ్లం. “చేతులు ముందుంటే ఏదో ఒకటి పీకుతాం. ముందు చూద్దాం. ఏది ఎక్కడ ఎలా ఉందో మొత్తం చూద్దాం” అనేవారు.

అలా అనేవారే గానీ, ఆయన ఒక్క నిమిషం కుదురుగా ఉంటేనా! వెనక కట్టుకున్న చేతుల్లో వేళ్లు ఆడుతూనే ఉండేవి. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, మునివేళ్ల మీద లేచి, “అబ్బబ్బబ్బ! అమ్మా, ఇటు చూడు! ఈ కొమ్మ చూడు! నిరుడు దీని మీద ఆశ వదిలేశాం, గుర్తుందా?” అనేవారు. అరవై దాటిన మనిషికి గొంతు పిల్లాడిలా లేచిపోయేది.

“సార్, తోట సూడనీకి వచ్చిన్రా, పెళ్లిపిల్లను సూడనీకి వచ్చిన్రా?” అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

“ఇన్ని వేలమంది పెళ్లికూతుళ్లుంటే ఒక్క చోట ఎలా నిలబడనోయ్!”

మర్నాడు తెల్ల చేతిరుమాలు తెచ్చేవారు. పూత గుత్తి కింద రుమాలు పట్టి, గుత్తిని రెండుసార్లు తట్టి, దాని మీద పడిన, పూత రసం పీల్చే తేనెమంచు పురుగులను ఒక్కొక్కటే లెక్కపెట్టేవారు. నాలుగైదు ఉంటే నవ్వేవారు. ఎక్కువుంటే ఎంత, ఏ చెట్టున అని రాసుకునేవారు. పూత విచ్చుకోకముందే మందు సంగతి తేల్చుకోవాలని, విచ్చాక తేనెటీగల జోలికి వెళ్లకూడదని ఏటా చెప్పేవారు. ఏటా కొత్తగా చెప్పేవారు.

నేను పొద్దున్నే దీపం పెట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఆయనకు ఆ అలవాటు లేదు. నన్ను ఏనాడూ ఎగతాళి చేయలేదు. “నువ్వు దేవుణ్ణి అడిగి రామ్మా. నేను ఆకును అడుగుతాను. ఇద్దరూ ఒకే మాట చెబితే మీ తమ్ముడు కూడా వింటాడు” అనేవారు.

ఇప్పుడు చెప్పబోయేది పన్నెండేళ్ల కిందటి వసంతం.

అంతకుముందు మూడేళ్లు తోటలో కాయ లేదు. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లయ్యాయి. మా కంచె దాకా తెల్లరాళ్లు పాతారు. ఒక బ్రోకరు బండి మీద తమ్ముడి చుట్టూ తిరుగుతున్నాడు. వాడు విసిగిపోయాడు.

“అక్కా, ఇదే ఆఖరు. ఈసారి కాయ నిలిస్తే తోట ఉంటది. లేకుంటే ప్లాట్లోళ్లకు ఇచ్చేస్త. మళ్ల నన్ను ఏమనొద్దు” అన్నాడు.

మూడేళ్లు వాడు పడ్డది చూశాను. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుని, తోట ఉండాలి అని ఒక్కటే అడిగాను.

ఆ ఏడే చెట్లు విరగబూశాయి! సార్ ఆదివారం నడక ముగించి గేటు దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి ఆగాల్సి వచ్చింది. “బోరు ముట్టుకోకు” అన్నారు తమ్ముడితో. “చెట్టు పూత మీద ఉంది. ఇప్పుడు నీళ్లిచ్చావా, మనసు మార్చుకుని కొత్త ఆకు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఓపిక పట్టు.”

“బర్రెలేం తినాలె సార్? నీ పూత తినాల్నా? చెట్ల నడుమ జొన్న పెట్టిన మేతకు. దానికి నీళ్లు కావాలె.”

“గేదెలకు ఉన్న ఎండుచొప్ప సర్దుకో కొన్నాళ్లు.”

“గేదె అంటే మా బర్రెలు తిరిగి సుత సూడయి సార్. బర్రె అనాలె.”

నవ్వుకున్నాం. బోరు ఆగింది. చెట్ల మధ్య జొన్న మోకాలి ఎత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎండకు ఆకులు చుట్టుకుపోయాయి. మూడో వారానికి చొప్ప కూడా అయిపోయింది.

ఆ సోమవారం గోడ మీద సార్ ఇలా రాశారు: “జొన్న కోతకు వచ్చింది. ఈ వారం కోసి పశువులకు వేయండి.”

మంగళవారాలు ఆయన మా ఇంట్లో తినేవారు. మా ఆయన రైల్వే డ్యూటీకి వెళ్లాడు. నేను రొట్టె వడ్డించాను. మొదటి ముక్క తుంచుతూ మామూలుగా అడిగారు.

“తమ్ముడేం చేస్తున్నాడమ్మా?”

“జొన్న కోస్తుండు సార్. మీరు రాసిన్రు గద.”

“ఏ జొన్న?”

“మామిడి నడుమ ఉన్నదే.”

ఆయన చెయ్యి ఆగింది. “అది కంకి వేసిందా?”

“ఎక్కడ సార్. మోకాలు దాటలే. ఆకులు ముడుచుకపోయినయి.”

“నీళ్లు...”

“మీరే ఆపమన్నరు గద.”

ఎంగిలి చేత్తోనే లేచారు. “ఫోను చెయ్యి. ఇప్పుడే చెయ్యి. ఒక్క ఆకు కూడా వేయొద్దను.”

చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. తమ్ముడు కోతకు దిగితే చొక్కా విప్పి కొమ్మకు తగిలిస్తాడు. ఫోను ఆ జేబులోనే ఉంటుంది. ఆ మాట చెప్పేలోపే సార్ వాకిలి దాటేశారు, నేనూ వెనకే పరుగెత్తాను. గల్లీ మలుపులో ఆటో ఆపారు.

“చాంద్రాయణగుట్ట అవతలికి! జల్దీ బాబూ, జల్దీ!”

“దవాఖానకా సాబ్?” డ్రైవరు కుర్రాడు ఉత్సాహంగా హ్యాండిల్ తిప్పాడు.

“కాదు, గేదెల దగ్గరికి!”

“బర్రెలు, అన్నా” అన్నాను నేను.

“బర్రెల కోసమా! పానం పోతుందేమో అనుకున్న.”

“పోయేది ప్రాణమే!” అని సార్ అరిచారు. ఆయన అరవడం నేను వినడం అదే మొదటిసారి.

దారిలో విషయం చెప్పారు. కంకి వేయని లేత జొన్న నీళ్లు లేక ఎండకు మాడితే ఆకులోనే విషం పుడుతుంది. నాలుగు కవళాలు చాలు. గోడ మీద రాసిన మాట కిషన్‌బాగ్ వైపువాళ్ల కోసం. వాళ్లది తడి మీద పెరిగి కంకి వేసిన జొన్న, కోయవచ్చు. మామిడికి నీళ్లు ఆపమన్నదీ సరైనదే. “రెండూ నేను చెప్పినవే. రెండూ ఒకే చోట పడతాయని చూసుకోలేదమ్మా. మొత్తం చూడమని అందరికీ చెప్పేవాణ్ణి, నేనే చూసుకోలేదు.”

శాలిబండ ఎత్తు దాటాం. ఫలక్‌నుమా దగ్గర ఆటో బస్సుల మధ్య నుంచి దూరింది. నేను లోపల దేవుడి పేరు చెప్పుకుంటూ వేలితో ఫోను నొక్కుతూనే ఉన్నాను. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో అంతా ఆగిపోయింది. ఒక బస్సు అడ్డం తిరిగి ఉంది. సార్ ఆటోలోంచి దూకారు. పంచె ఎగ్గట్టి, బండ్ల మధ్య నిలబడి రెండు చేతులూ ఊపుతూ, జరగండి, విషం అంటూ తనకు వచ్చిన ఉర్దూ అంతా ఒక్కసారే బయటపెట్టారు.

“హటో! హటో భాయ్! జహర్ హై! జహర్!”

పక్కనే బండి మీద జామకాయలమ్మే అతను లేచాడు. “ఏ సాబ్, దేన్ని జహర్ అంటున్నవ్? నా జామకాయలనా?”

“నీవి కాదయ్యా! నీవి బంగారం! కొంచెం బండి జరుపు!”

ఎందుకో తెలియదు, జనం జరిగారు. బస్సు డ్రైవరు కిటికీలోంచి చూసి తనూ వెనక్కి తీశాడు. మా ఆటో కుర్రాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. “ఎక్కు సాబ్, ఎక్కు! బర్రెల జాన్ బచాయిద్దాం!” అంటున్నాడు. వాడికీ ఊపు వచ్చేసింది.

తోట గేటు తీసే ఉంది. తమ్ముడు పచ్చమేత మోపు భుజానికెత్తుకుని కొట్టం వైపు నడుస్తున్నాడు. మొదటి మోపు అప్పటికే విప్పి వేశాడు. ముసలి బర్రె ముందుకొచ్చి నములుతోంది. మిగతా మూడూ దాని వెనక మెడలు చాస్తున్నాయి.

సార్ పరుగెత్తారు. ఒక చెప్పు దారిలో ఉండిపోయింది. సూటిగా వెళ్లి బర్రె నోట్లో చెయ్యి పెట్టి ఆకు లాగేశారు. కాలితో మోపును తన్ని దూరంగా నెట్టారు.

“ఏమాయె! సార్‌కు పిచ్చిలేసిందా అక్కా?”

“విషం రా! విషం!”

తమ్ముడిని ఆయన రా అనడం ఆ ఒక్కసారే. వాడు భుజం మీది మోపు అక్కడే పడేసి, మిగతా మూడింటినీ వెనక్కి తోలాడు.

కాసేపటికే ముసలి బర్రెకు ఊపిరి ఎగదన్నింది. నోట్లో నురగ. కాళ్లు వణికి కూలబడింది. పశువుల డాక్టరుతో సార్ ఫోనులో మాట్లాడుతూనే, బెల్లం నీళ్లు తాగించమని నాకు సైగ చేశారు. తోట పక్కనే ఉన్న తమ్ముడి ఇంట్లోని బెల్లమంతా కలిపాను. తమ్ముడు తల పట్టుకున్నాడు, నేను సీసాతో కొంచెం కొంచెం పోశాను. డాక్టరు బండి మీద వచ్చి మెడకు సూది వేశాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేమీ లేదన్నాడు.

పొద్దు వాలుతుండగా బర్రె లేచి నిలబడింది. మమ్మల్ని చూసి మేత కోసం అరిచింది. ఆ అరుపుకి నేనూ సార్ ఏడుస్తూ నవ్వాం. తమ్ముడు నవ్వలేదు.

“నీళ్లు ఆపమన్నది నువ్వు. కొయ్యమన్నది నువ్వు. నీ మాట ఇన్నందుకు నా బర్రె సచ్చేది” అన్నాడు. “ఇగ చాలు సార్. కాయ వద్దు, తోట వద్దు, ఈ ఫికర్ వద్దు.” మా ముందే బ్రోకరుకి ఫోను చేశాడు. “రేపు పొద్దుగాల హుస్సేనీ ఆలం రా. కాగితాలు అక్క దగ్గరున్నయి.”

సార్ వాదించలేదు. “నీ కోపం న్యాయమే” అని దారిలో పడిన చెప్పు వెతుక్కుని వచ్చారు.

తెల్లవారి నేను దీపం ముందు ఉండగా గల్లీలో దర్జీ భాయ్ గొంతు వినిపించింది. బయటికి వెళ్లాను. సార్ స్టూలు వేసుకుని గోడ నిండా ఎర్ర సుద్దతో రాస్తున్నారు.

“నా తప్పు. నీళ్లు లేక ముడుచుకున్న లేత జొన్న పశువులకు విషం. కోసినా వేయకండి. కంకి వేసిన జొన్న మాత్రమే వేయండి. సోమవారం నేను చూసుకోకుండా రాసిన మాట విని ఒక గేదె చావు దాకా వెళ్లింది.”

దర్జీ భాయ్ సుద్ద ముట్టనంటున్నాడు. “ఇది నేను రాయ సార్. గల్లీల మీ ఇజ్జత్ ఏం గావాలె? మెల్లగ ఒక్కొక్కలకు చెప్దాం.”

“ఒక్కొక్కరికి చెప్పేలోపు ఎవరో ఒకరు కోస్తారు భాయ్. రాయి. ఆ ఆఖరి వాక్యం కూడా రాయి.”

భాయ్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. రాశాడు.

నల్లా వచ్చే వేళకు గల్లీ నిండిపోయింది. తమ్ముడు వచ్చాడు. గల్లీ మొదట్లోనే బ్రోకరు బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. మా ఇంటికి రావాలంటే ఆ గోడ దాటాలి. తమ్ముడు గోడ ముందు ఆగాడు. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

పక్కన కిషన్‌బాగ్‌లో పచ్చగడ్డి పెంచే మనిషి, మేమంతా గడ్డి అన్న అంటాం, తల పట్టుకుని నిలబడ్డాడు. “యా అల్లా! మా బామ్మర్ది ఇయ్యాల్నే కోస్త అన్నడు, గుట్టల దిక్కు చేను. గది గిట్లనే ముడుచుకుంది సార్!” అని ఫోను చెవికి పెట్టుకుని అవతలి మనిషిని తిట్టడం మొదలుపెట్టాడు. “కొయ్యకురా! కోసినవా? వెయ్యకు! ఏ ఒక్కదానికీ వెయ్యకు!” అవతలి నుంచి ఏం వచ్చిందో, గోడకు ఆనుకుని కూలబడి నవ్వాడు. “ఇంకా కొడవలే తియ్యలేదట!”

తమ్ముడు అది విన్నాడు. సార్ దగ్గరికి వెళ్లాడు.

“అందరి ముంగట రాసుకున్నవేంది సార్?”

“అందరి ముందే కదయ్యా సోమవారం రాసింది.”

వాడు గోడ వైపు వేలు చూపాడు. “నాది గూడ ఉంది. ఆకు ముడుచుకున్నది నా కండ్లకు కనబడ్డది. మా నాయిన ఉంటే కొయ్యనిచ్చేటోడు కాదు. నాకు ఎరుకే. అయినా నువ్వు రాసినవని కోసిన.”

సార్ ఎర్ర సుద్ద వాడి చేతిలో పెట్టారు. “నీది నువ్వు రాసుకో.”

బడి మానేశాక వాడు సుద్ద పట్టింది లేదు. వంకర అక్షరాలతో ఆఖరి వాక్యం కింద “నాది గూడ తప్పే” అని రాసి, తన పేరు పెట్టాడు. బిందెల దగ్గర ఎవరూ నవ్వలేదు. గడ్డి అన్న లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యేశాడు. “బర్రెలకు మేత లేదంటివి గద. రోజుకొక ట్రాలీ పచ్చగడ్డి నేను పంపిస్త, నీ పిందె నిలిచేదాకా. ఫికర్ చెయ్యకు.”

తమ్ముడు నా దగ్గరికి రాలేదు, కాగితాలు అడగలేదు. గల్లీ మొదటికి వెళ్లి బ్రోకరుతో, “ఇయ్యాల కాదు అన్నా. కాయ సూసి చెప్త” అన్నాడు.

కాయ నిలిచింది! కోసిన జొన్నను నేల మీద పరిచి, కరకరలాడేదాకా రోజుల తరబడి ఎండబెట్టించి, డాక్టరు సరేనన్నాకే సార్ దాన్ని మేతకు వాడనిచ్చారు. తోటలో మాత్రం మేం ముగ్గురం రోజూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాళ్లం. తమ్ముడు మాకంటే ముందు నడిచేవాడు. “సార్! సార్! ఇగో, ఇది సూడు!” అని అరిచేవాడు. బఠాణీ గింజంత పిందె కనబడిన రోజు వాడే బోరు మోటారు వేశాడు. మృగశిర ముందు కాయ దింపాం. బ్రోకరు వస్తే తమ్ముడు ఒక బుట్ట వాడి బండికి కట్టి, “తిని చెప్పు, దీని మీద ఇల్లు కట్టబుద్ధయితదా?” అని పంపాడు. వాడు మళ్లీ రాలేదు. పండ్లు బాగున్నాయని మాత్రం ఫోను చేశాడు.

ఇది చదివే మీలో చాలామంది సార్‌ను చూసి ఉండరు. ఆయన పేరు ఎక్కడా అచ్చుకాలేదు. మీకు తోట ఉన్నా, మేడ మీద ఒక్క కుండీ ఉన్నా, ఈ నెలలో ఒక్క రోజు దేన్నీ ముట్టుకోకుండా మొత్తం చూడండి. ముడుచుకున్న జొన్న దగ్గరికి పశువును పోనివ్వకండి. ఆయన ఇంతకంటే పొడుగు రాసేవారు కాదు, నేనూ రాయను.

మూసీ ఒడ్డున ఆయనకు తలకొరివి పెట్టింది మా తమ్ముడే. ఎవరూ అడగలేదు, వాడే ముందుకొచ్చాడు. గడ్డి అన్న, దర్జీ భాయ్, మల్లెల గురించి నవ్విన ఆడవాళ్లు, ఇంకా నాకు ముఖం తెలియని ఎందరో వచ్చారు. ఒకాయన తన చేలోని శనగ కొమ్మ తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

దినాలు అయిన మర్నాడు తోటకు వెళ్లాను. తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. పన్నెండేళ్లుగా మొదటి నీళ్ల మాట సార్‌దే. ఒక రోజు ముందైతే పూత పోతుంది, నాలుగు రోజులు వెనకైతే పిందె రాలుతుంది. ఈ ఏడు ఇంత పూత, చెప్పే మనిషి లేడు.

వరుస వరుసా తిరిగాం. పిందెలు! గుత్తి గుత్తికీ పిందెలు! పడమటి వైపు ఇంకా మిరియాలంత ఉన్నాయి. తూర్పు వరుసలో బఠాణీ గింజ దాటాయి.

“అక్కా, నీళ్లు ఇడుద్దామా?”

“తూర్పు వరుసకు ఇడువు. అటు ఇంకో వారం ఆగుదాం.”

“పక్కానా?”

“పక్కా అని ఎట్ల చెప్త? సూసినంత సూసిన.”

“తప్పయితే?”

“తప్పయితే చెప్తం.”

వాడు నన్ను ఒకసారి చూసి మోటారు వేయడానికి పరుగెత్తాడు. నేను కాలువ పక్కన నిలబడ్డాను. చాలా రోజులుగా ఎండి పగిలిన కాలువ. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత నీళ్లు వచ్చాయి. ఎండుటాకులను, రాలిన పూతను నెట్టుకుంటూ, పగుళ్లలోకి బుడబుడమని దిగుతూ, నిండి, మళ్లీ ముందుకు కదులుతూ. ఎక్కడి నుంచి వచ్చాయో రెండు గోరింకలు దిగాయి. నీళ్ల కొసకు ఒక్క అడుగు ముందు, కాలువలో పొడినేల మీద, పసుపు కాళ్లతో గబగబా నడుస్తూ, బయటికొచ్చిన పురుగును ఏరుకుంటూ, వెనక్కి తిరిగి నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకుంటూ మొదటి చెట్టు వైపు వెళ్లాయి.